నాటిన మొక్కను మళ్ళీ వెతికి పట్టుకోవాలంటే: విశాఖ కొండల్లో ఫోన్ మ్యాప్ యాప్ ఎలా వాడాలి

విశాఖలో తొలకరి పడిందంటే చాలు, మొక్కలు నాటే బృందాల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. “కొండ మీద నాటిన మొక్కలను ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి. ఏ యాప్ వాడాలి? ఎలా వాడాలి?” కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు, కొండ అంచు ఊళ్ళలో పనిచేసే యువకులు అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఫోన్‌లో పాయింట్ పెట్టడం ఎవరైనా చేస్తారు. వచ్చే వేసవి దాటాక ఇంకో మనిషి, ఇంకో ఫోన్ పట్టుకుని అదే చోటికి వెళ్ళి, ఆ మొక్క బతికిందో లేదో చెప్పగలగాలి. అప్పుడే ఆ పాయింట్‌కు విలువ. కింద రాసిన ప్రతి పనీ అందుకోసమే.

మొదటి ఏడాది మేం సింహాచలం కొండల వైపు ఒక వాలులో సుమారు 300 మొక్కలు నాటాం. ప్రతి మొక్క దగ్గరా ఫోన్ తీసి పాయింట్ పెట్టాం. సాయంత్రం తెర మీద అన్ని చుక్కలు చూసి ఎంతో సంతోషపడ్డాం. మరుసటి జూన్‌లో వెళ్తే నడుమెత్తు గడ్డి. చుక్క ఉన్న చోట మొక్క లేదు, మొక్క ఉన్న చోట చుక్క లేదు. ఓ ముప్పై చుక్కలు మేం బండ్లు ఆపిన రోడ్డు మీదే పడి ఉన్నాయి. ఎన్ని బతికాయని అడిగితే చెప్పలేకపోయాం. బిందెలతో నీళ్ళు మోసిన పిల్లలకు ఏం చెప్పాలో తెలియక చాలా బాధపడ్డాను.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనబడే చోట మామూలు ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. చెట్ల కింద, లోయలో, బండల పక్కన ఆ తేడా 10 మీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా అవుతుంది. మనం మొక్కలు నాటేది 3 మీటర్ల ఎడంతో. అంటే ఏ మొక్క ఏదో విడదీసి చెప్పే శక్తి ఫోన్‌కు లేదు. ఫోన్ మిమ్మల్ని మొక్కల గుంపు దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి మొక్క దాకా తీసుకెళ్ళాల్సింది రంగు వేసిన రాయి, నంబరు బిళ్ళ, వరుస లెక్క.

ఇంకొకటి. ఆండ్రాయిడ్ ఫోన్ “ఖచ్చితత్వం 5 మీటర్లు” అని చూపిస్తే, అసలు చోటు ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతమే. పదిసార్లలో మూడుసార్లు బయట ఉండొచ్చు.

ఏమేం కావాలి

• ఒక ఆండ్రాయిడ్ ఫోన్ లేదా ఐఫోన్. కొత్తగా కొనేవాళ్ళు రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్ ఉన్నది చూసుకుంటే మంచిది. ఉన్న ఫోన్‌తోనూ పని జరుగుతుంది.
• క్యూఫీల్డ్ అనే మ్యాప్ యాప్, దానికి జోడీగా కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే క్యూజీఐఎస్. రెండూ ఉచితం.
• పవర్ బ్యాంక్, ఫోన్ పట్టే జిప్ కవర్.
• 30 మీటర్ల టేపు. ఇది లేకుండా వెళ్ళకండి.
• అల్యూమినియం బిళ్ళలు, కట్టడానికి తీగ, పాతడానికి కర్రలు, పసుపు ఎనామెల్ పెయింటు చిన్న డబ్బా.
• నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, వానకు అక్షరాలు కారిపోతాయి.

కంప్యూటర్ లేనివాళ్ళు ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ వాడండి. పొరలు (పటం మీద ఒక్కో రకం గుర్తులను విడిగా ఉంచే అరలు), ఫారాలు అన్నీ ఫోన్‌లోనే తయారవుతాయి. కింది పద్ధతి దానికీ వర్తిస్తుంది, మెనూల పేర్లే వేరు. గూగుల్ మ్యాప్స్ మాత్రం దారి చూసుకోవడానికే ఉంచండి. మొక్కల లెక్క రాసుకోవడానికి అది పనికిరాదు.

1. అనుమతి తీసుకోండి

రిజర్వ్ ఫారెస్ట్‌లో మొక్క నాటాలన్నా, లెక్క కోసం ప్లాట్ (కొలిచి గుర్తు పెట్టిన చదరపు స్థలం) వేయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఎకో టూరిజం పార్కు టికెట్టు చేతిలో ఉందని లోపల కొండెక్కకూడదు. రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బీట్ ఆఫీసర్‌తో గానీ వాచర్‌తో గానీ కలిసి వెళ్ళండి. చిరుత తిరిగే చోటు ఏదో, గెడ్డ (కొండవాగు) ఎప్పుడు పొంగుతుందో, వేసవిలో మంట ఏ వైపు నుంచి వస్తుందో వాళ్ళకు తెలిసినంత ఏ మ్యాప్‌కూ తెలియదు.

డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు నేవీ స్థలాలు ఉన్నాయి. నిషేధిత ప్రాంతమని బోర్డు కనబడితే ఫోటోలు తీయకండి, ట్రాక్ రికార్డు చేయకండి, వెనక్కి వచ్చేయండి.

2. ఇంట్లోనే పటం సిద్ధం చేసుకోండి

కొండ వెనక్కి తిరిగితే సిగ్నల్ పోతుంది. అక్కడ నెట్ పటం తెల్ల కాగితమైపోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

నేను చేసే పద్ధతి ఇది. క్యూజీఐఎస్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, దాని మీద నా స్థలం చుట్టుపక్కల కనబడే గుర్తులను నేనే గీసుకుంటాను: బండి దారి, కాలిబాట, గెడ్డ, పెద్ద బండ, చెరువు గట్టు, కరెంటు టవరు. ఈ గీతల ఫైలు చాలా చిన్నది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కొండ మీద దారి తప్పినప్పుడు నిజంగా ఆదుకునేవి ఈ గీతలే.

ఫోటోలాంటి పటం కూడా కావాలంటే సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 10 మీటర్లు. చెట్టు విడిగా కనబడదు, కానీ అడవి అంచు, ఖాళీ జాగా, నీళ్ళు తెలుస్తాయి. మబ్బు తక్కువగా ఉండే జనవరి, ఫిబ్రవరి చిత్రం ఎంచుకుని మీ స్థలం మేరకు కత్తిరించుకోండి.

హెచ్చరిక: పటాన్ని పలకలుగా (చిన్న చదరపు ముక్కలుగా) చేసి ఫోన్‌లోకి ఎక్కించేటప్పుడు జూమ్ స్థాయి ఒకటి పెంచితే పలకల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. రెండు స్థాయిలు పెంచితే 16 రెట్లు. “ఎందుకైనా మంచిది” అని అన్నీ ఎక్కిస్తే ఫోన్ నిండిపోయి, చెట్టు కింద యాప్ ఆగిపోతుంది.

సిద్ధమయ్యాక క్యూజీఐఎస్‌లోని క్యూఫీల్డ్ సింక్ ప్లగిన్‌తో ప్రాజెక్టును ప్యాకేజీ చేసి, కేబుల్‌తో ఫోన్‌లోకి పంపి, యాప్‌లో ఇంపోర్ట్ చేయండి. తరవాత ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ తెరిచి చూడండి. అప్పుడు కనబడిందే కొండ మీదా కనబడుతుంది.

3. ఫారం జాగ్రత్తగా తయారు చేయండి

ఒక పూట దీనికి కేటాయించండి. తరవాత పది పూటలు మిగులుతాయి.

మూడు పొరలు చాలు. మొదటిది స్థలం హద్దు. రెండోది ప్లాట్లు. మూడోది గమనికలు, అంటే మంట మచ్చ, మేకల దారి, నరికిన మోడు, కందకం తెగిన చోటు లాంటివి. మొక్కల వివరాలు ప్లాట్‌కు అనుబంధ పట్టికలో రాయండి, ఒక్కో మొక్కకు ఒక వరుస: ప్లాట్ నంబరు, మొక్క నంబరు, జాతి, స్థితి, ఎత్తు, కారణం, ఫోటో, తేదీ, రాసినవారు.

జాతి పేరు చేత్తో టైపు చేయనివ్వకండి. జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. ఒకరు “నేరేడు” అని, ఒకరు “నేరెడు” అని, ఇంకొకరు “నేరేడు మొక్క” అని రాస్తే కంప్యూటర్ దృష్టిలో అవి మూడు జాతులు. ఊరిపేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. “మద్ది” అని రాస్తే తెల్లమద్దా, నల్లమద్దా? తెల్లమద్ది గెడ్డల ఒడ్డున పెరిగేది, నల్లమద్ది మెట్ట వాలులో ఉంటుంది. “తుమ్మ” అయితే మరీ కష్టం. నల్లతుమ్మ, తెల్లతుమ్మ మన చెట్లు. సర్కారు తుమ్మ, ఆస్ట్రేలియా తుమ్మ బయటి నుంచి వచ్చినవి. రెండేళ్ళ తరవాత ఆ “తుమ్మ” అన్న మాట చదివేవాళ్ళకు మనం పెంచింది ఏదో, పీకేయాల్సింది ఏదో తెలియదు. జాబితాలో పూర్తి పేరు, పక్కన శాస్త్రీయ నామం పెట్టండి.

స్థితికి ఐదు మాటలు సరిపోతాయి: బతికి ఉంది, పైన ఎండి మొదలు దగ్గర చిగురు వేసింది, ఎండిపోయింది, గుంత ఉంది మొక్క లేదు, తెలియదు. నాలుగోది ఎందుకు ముఖ్యమో తరవాత చెబుతాను.

ఫైలు జియోప్యాకేజ్ రకంలో ఉంచండి. పాత షేప్‌ఫైల్ వద్దు. అందులో పట్టిక గడి పేరుకు 10 బైట్లే చోటు. తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కకు వస్తుంది. “మొక్క నంబరు” అని పేరు పెడితే మొదటి రెండు మూడు గుర్తుల దగ్గరే తెగిపోతుంది.

నిర్దేశాంకాల (అక్షాంశ, రేఖాంశాల) పద్ధతి డబ్ల్యూజీఎస్ 84 ఉంచండి. విస్తీర్ణం కొలిచేటప్పుడు, మీటర్లలో లెక్క చెప్పే యూటీఎం జోన్ 44 నార్త్‌కు మార్చుకోండి. విశాఖ ఆ జోన్‌లోనే ఉంది.

4. మీ ఫోన్ ఎంత నిజం చెబుతుందో బీచ్‌లో పరీక్షించండి

ఇది సరదా పని కాదు, తప్పక చేయండి. బీచ్ రోడ్డులో ఆకాశం బాగా కనబడే చోట కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. ఒక దీపస్తంభం అడుగుభాగం చాలు. ఉదయం ఐదు పాయింట్లు, సాయంత్రం ఐదు పాయింట్లు అదే చోట పెట్టండి. ఇంటికి వచ్చి అవి ఎంత దూరం చెదిరాయో కొలవండి. ఇదే పరీక్ష మీ వీధిలో ఒక పెద్ద చెట్టు కింద మళ్ళీ చేయండి. రెండింటికీ తేడా కళ్ళారా చూస్తే, కొండ మీద తొందరపడి పాయింట్ పెట్టరు.

అప్పుడే ఎత్తు కూడా చూడండి. సముద్రపు ఒడ్డున నిలబడినా కొన్ని యాప్‌లు పదుల మీటర్లు మైనస్‌లో చూపిస్తాయి. ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. ఉపగ్రహాల లెక్కలో భూమి ఆకారం, మన సముద్రమట్టం ఒకటి కావు. ఫోన్ చూపే ఎత్తును నమ్మి కందకాలు తవ్వకండి, అంతే. కాంటూరు గీతకు (ఒకే ఎత్తులో సాగే గీత) నీళ్ళ పైపు లెవెలో, ఏ-ఫ్రేమో (ఏ ఆకారపు కర్రల చట్రం) వాడండి.

క్యూఫీల్డ్ సెట్టింగుల్లో ఖచ్చితత్వం హద్దు పెట్టుకునే వీలుంది. అది ఆన్ చేసి, 8 మీటర్లు దాటితే పాయింట్ తీసుకోకుండా పెట్టండి. చాలా రీడింగులకు సగటు తీసే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది.

5. హద్దు నడవండి

కొండ దగ్గర బండి దిగగానే యాప్ తెరిచి, ఐదు నిమిషాలు ఆరుబయట ఉంచండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, కానీ నెట్ లేకపోతే ఉపగ్రహాలను పట్టుకోవడానికి మొదట కొంత సమయం పడుతుంది. మేం రోడ్డు మీద ముప్పై చుక్కలు పెట్టింది ఈ ఓపిక లేకనే. ఫోన్ పాత చోటునే చూపిస్తుంటే, మేం చూసుకోకుండా నొక్కుకుంటూ పోయాం.

హద్దు గీసేటప్పుడు ఆటోమేటిక్ ట్రాక్‌ను నమ్ముకోవద్దు. మీరు నీళ్ళు తాగడానికి ఆగిన చోట అది దారపు ఉండలా చుట్టుకుంటుంది. మలుపు వచ్చిన ప్రతిచోటా ఒక నిమిషం ఆగి బిందువు పెట్టండి.

ఎకరం కన్నా చిన్న స్థలమైతే టేపుతో కొలవండి. 20 మీటర్ల చదరం 400 చదరపు మీటర్లు. ఫోన్ ఒక్కో వైపును 5 మీటర్లు ఎక్కువ చూపితే అదే 625 అవుతుంది. సగానికి పైగా పెరిగిపోయిన లెక్క ఎవరికి ఇచ్చినా అబద్ధమే.

6. ప్లాట్లు వేయండి

ప్రతి మొక్కనూ లెక్కపెట్టే ఓపిక ఒక ఏడాది ఉంటుంది, మూడో ఏడాదికి ఉండదు. అందుకే ప్లాట్లు. 5 హెక్టార్ల స్థలంలో 20 మీటర్ల చదరాలు పది వేస్తే మొత్తంలో 8 శాతం చూసినట్టు. 3 మీటర్ల ఎడంతో నాటితే ఒక్కో ప్లాట్‌లో సుమారు 44 మొక్కలు వస్తాయి. ఇద్దరు మనుషులు ఒక ఉదయం మూడు నాలుగు ప్లాట్లు చూడగలరు.

ప్లాట్ ఎక్కడ వేయాలో కొండ మీదికి వెళ్ళాక నిర్ణయించకండి. మనకు తెలియకుండానే దారి పక్కన, నీడ ఉన్నచోట, మొక్కలు పచ్చగా కనబడేచోట వేస్తాం. ఇంట్లోనే క్యూజీఐఎస్‌తో హద్దు లోపల యాదృచ్ఛిక బిందువులు వేయించి, వాటి దగ్గరికే వెళ్ళండి. ఏదైనా బిందువు బండ మీదో, లోతైన గెడ్డలోనో పడితే వదిలేసి జాబితాలో తరవాతిది తీసుకోండి. ఎందుకు వదిలేశారో ఒక మాట రాయండి. తుప్పలు దట్టంగా ఉన్నాయని, ఎక్కడం కష్టమని మాత్రం వదలకండి. మొక్కలు ఎక్కువగా చచ్చేది అలాంటి చోట్లే.

బిందువు చేరాక ఫోన్ జేబులో పెట్టి టేపు తీయండి. నాలుగు వైపులూ 20 మీటర్లు, మూల నుంచి మూలకు 28.3 మీటర్లు రావాలి. రాకపోతే చదరం వంకర పోయింది. వాలు మీద టేపును నేలకు ఆనించి కొలవకూడదు. 30 డిగ్రీల వాలులో నేల మీది 20 మీటర్లు పటంలో 17.3 మీటర్లే. టేపును నీళ్ళ మట్టంలా అడ్డంగా పట్టుకుని, అవసరమైతే 5 మీటర్ల ముక్కలుగా దిగుతూ కొలవండి.

కొండ కింది వైపు ఎడమ మూలను ఒకటో మూల అనండి. అక్కడ కదలని బండ ఉంటే దాని మీద పసుపు రంగుతో ప్లాట్ నంబరు రాయండి. బండ లేకపోతే రాళ్ళు పేర్చండి. మొక్కల నంబర్లు ఆ మూల నుంచి మొదలుపెట్టి, మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు, ఇలా పాము నడకలా పైకి పోవాలి. అందరూ ఇదే క్రమం పాటిస్తే ఒక బిళ్ళ ఊడిపోయినా, అటూ ఇటూ ఉన్న మొక్కలను బట్టి అది ఎన్నోదో తెలుస్తుంది.

బిళ్ళను లేత మొక్క కాండానికి కట్టకండి, పెరిగేకొద్దీ తీగ కోసేస్తుంది. పక్కన పాతిన కర్రకు కట్టండి. మార్కర్ పెన్నుతో రాసింది మన ఎండకు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. అల్యూమినియం మీద మేకుతో గట్టిగా నొక్కి రాస్తే గాడి పడి నిలుస్తుంది.

7. పాయింట్ పెట్టడం, మొక్క చూడడం

ఒకటో మూల దగ్గర నిలబడి, క్యూఫీల్డ్‌లో పెన్సిల్ గుర్తు నొక్కి ఎడిట్ మోడ్‌లోకి వెళ్ళండి. తెర మధ్యలోని గురి గుర్తును జీపీఎస్ స్థానానికి లాక్ చేయండి. ఈ లాక్ మరిచిపోతే వేలితో పటం జరిపిన చోట పాయింట్ పడుతుంది. మీరున్న చోట పడదు. నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ. ఒక నిమిషం కదలకుండా నిలబడి, సగటు తీయనిచ్చి, అప్పుడు ప్లస్ నొక్కండి. చెట్టు కింద తేడా తగ్గకపోతే పదడుగులు ఖాళీ జాగాలోకి వచ్చి పాయింట్ పెట్టి, “మూల రాయి ఇక్కడి నుంచి తూర్పుకు 6 మీటర్లు” అని గమనిక రాయండి. సగటు తీయడం వల్ల ఊగిసలాట తగ్గుతుంది. బండ మీద నుంచి తిరిగివచ్చిన సిగ్నల్ వల్ల వచ్చే తప్పు మాత్రం ఎంతసేపు నిలబడినా పోదు.

తరవాత మొక్క వెంట మొక్క. ఇక్కడ రెండు విషయాల్లో లెక్క తప్పుతుంది.

మొదటిది, కనబడిన మొక్కలనే లెక్కపెట్టడం. ప్లాట్‌లో 30 మొక్కలు పచ్చగా ఉన్నాయని 30 వరుసలు నింపి, అన్నీ “బతికి ఉంది” అని పెడితే నూరు శాతం బతికినట్టు వస్తుంది. మిగతా 14 గుంతలు ఖాళీగా ఉన్నాయి కదా. ఖాళీ గుంతకూ ఒక వరుస రాయాలి. “గుంత ఉంది, మొక్క లేదు” అన్న మాట అందుకే. ఈ మాట రాయడానికి మనసు రాదని నాకు తెలుసు, మన చేతులతో నాటినవి కాబట్టి. అయినా రాయాలి. గ్యాప్ ఫిల్లింగ్‌కు, అంటే ఖాళీ గుంతల్లో మళ్ళీ నాటడానికి, ఎన్ని మొక్కలు తేవాలో చెప్పేది ఆ గడే.

రెండోది, ఆకు రాల్చిన మొక్కను చచ్చిందనుకోవడం. మోదుగ, రేల లాంటివి వేసవికి ముందు ఆకు రాలుస్తాయి. గోటితో కాండం బెరడు కొంచెం గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి, నేల దగ్గర గీరి చూడండి. పైన ఎండినా మొదలు దగ్గర చిగురు వేసే జాతులు మన తూర్పు కనుమల్లో చాలా ఉన్నాయి. వీలైతే బతుకు లెక్కను తొలకరి పడిన రెండు మూడు వారాల తరవాత పెట్టుకోండి. అప్పటికి ఏది మిగిలిందో తేలిపోతుంది.

కారణం గడిలో చూసిందే రాయండి. మేక కొరికితే కొస తెగినట్టు ఉంటుంది, మంట అయితే బొగ్గు మసి ఉంటుంది. తెలియకపోతే “తెలియదు” అనే రాయండి.

8. ఫోటో

ఒకటో మూలలో నిలబడి, ఎదురుగా ఉన్న మూడో మూల వైపు, ఛాతీ ఎత్తులో, ఫోన్ అడ్డంగా పట్టుకుని ఒక ఫోటో. ప్రతి ఏడాదీ అదే చోట, అదే వైపు, అదే నెలలో. దూరంగా ఒక కొండ శిఖరమో టవరో ఫ్రేములో పడేలా చూడండి. పాత ఫోటో ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని తీస్తే సరిగ్గా కుదురుతుంది. దిక్కు చూసే ముందు ఫోన్‌ను గాలిలో 8 ఆకారంలో తిప్పండి. అయస్కాంతం ఉన్న కవరు అయితే తీసేయండి.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, చోటు సమాచారం పోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

9. అదే రోజు డేటా దించుకోండి

ఫోన్ గెడ్డలో పడితే రోజంతా పడ్డ కష్టం పోతుంది. ఇంటికి రాగానే, స్నానం కన్నా ముందు, ప్రాజెక్టు ఫోల్డరును యాప్ నుంచే కుదించిన ఫైలుగా బయటికి పంపి రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి, పాతదాని మీద కొత్తది రాయకండి.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు నేరుగా తెరిస్తే తెలుగు పిచ్చి గుర్తులుగా కనబడొచ్చు. డేటా పాడవలేదు. ఇంపోర్ట్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఆ గుర్తులతోనే సేవ్ చేశారో, అప్పుడు నిజంగానే పాడవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

పటం తెరిచి ముందు బాగా దూరం జరపండి. ఏదైనా చుక్క ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉంటే, అది సున్నా, సున్నా దగ్గర పడిందన్న మాట. జీపీఎస్ అందకముందే నొక్కారు. ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో ఉంటే అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. మన విశాఖ సుమారు 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. ముందు 17, తరవాత 83 అని గోడ మీద రాసి పెట్టుకోండి.

చుక్క విశాఖలో కాకుండా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఎవరో నోటుబుక్కు నుంచి ఎక్కించేటప్పుడు 17 డిగ్రీల 42 నిమిషాలను 17.42 అని కొట్టి ఉంటారు. నిమిషాలను 60తో భాగించాలి. అది 17.70. దశాంశ స్థానాలు కూడా చూడండి. ఐదు అంకెలుంటే సుమారు మీటరు దాకా తెలుస్తుంది. మూడే ఉంటే నూరు మీటర్లు అటూ ఇటూ.

తరవాత హద్దు బయట పడ్డ ప్లాట్లు, ఒకే నంబరు రెండుసార్లు వచ్చినవి, ఫోటో లేనివి వెతకండి. ఒక్కో ప్లాట్‌లో మొత్తం వరుసలు 44 దరిదాపుల్లో ఉండాలి. 30 మాత్రమే ఉంటే ఖాళీ గుంతలు రాయలేదని అనుమానించండి.

బతుకు శాతం లెక్క సులువు. పది ప్లాట్లలో కలిపి 440 గుంతల్లో 312 బతికితే 71 శాతం. కానీ ఆ ఒక్క అంకెతో ఆగకండి. ఒక ప్లాట్‌లో 44కి 40, ఇంకో ప్లాట్‌లో 44కి 18 ఉన్నాయంటే ఆ రెండో చోట ఏదో జరిగింది. పటంలో ప్లాట్లకు రంగులు వేసి చూడండి. తక్కువవన్నీ మేకల దారి పక్కనే ఉన్నాయా, పడమటి ఎండ తగిలే వాలులో ఉన్నాయా? ఒకసారి మాకు తక్కువ వచ్చిన మూడు ప్లాట్లూ ఒకే తెగిన కందకం కింద కనబడ్డాయి. ఆ కందకం బాగు చేశాకే అక్కడ మళ్ళీ నాటాం.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇంకోటి ఉంది. ఆ ప్లాట్లు వేయని మనిషిని, వేరే ఫోన్‌తో, పదింటిలో ఒక ప్లాట్‌కు పంపండి. దారి చెప్పకండి. పది నిమిషాల్లో పసుపు రాయి దొరికి, మీరు అడిగిన 17వ మొక్క దగ్గర నిలబడితే మీ పని సరిగ్గా ఉంది. దొరకకపోతే గమనికలు సరిపోలేదు. అదే వారం వెళ్ళి సరిచేయండి, గడ్డి పెరిగాక కుదరదు.

కొండ మీద గుర్తుంచుకోవాల్సినవి

ఒంటరిగా వెళ్ళకండి. తెర చూస్తూ నడవకండి. ఆగి చూడండి, ఫోన్ దించి నడవండి. రాళ్ళ వాలు, పాములు రెండూ ఉన్న చోటు అది. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే దిగిపోండి. ఎండలో ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, మనిషి పరిస్థితీ అంతే. పిడుగుల కాలంలో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూసుకుని బయలుదేరండి. వానలో తడి వేళ్ళకు తెర పలకదు. అప్పుడు పెన్సిలు తీయండి.

అలుగు (పాంగోలిన్) బొరియ, పక్షి గూడు, అరుదైన మొక్క కనబడితే ఆ చోటు సోషల్ మీడియాలో పెట్టకండి. గమనికల పొరలో రాసి అటవీ సిబ్బందికి మాత్రమే ఇవ్వండి. నాటిన ఫోటోలు అందరితో పంచుకోవాలని ఉంటుంది, పంచుకోండి. చోటు సమాచారం తీసేసి పంచుకోండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక ఈ ఊరి కొండలు ఎలా బోడిగా కనబడ్డాయో చూసినవాళ్ళకు తెలుసు. తుపాను తరవాత ఎక్కడెక్కడ ఏముండేదో చెప్పే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు. అందుకే ఇప్పుడు ప్రాజెక్టు ఫోల్డరులో ఒక చిన్న ఫైలు కూడా పెడుతున్నాం. బండి ఎక్కడ ఆపాలి, ఏ గెడ్డ దాటాలి, ఒకటో మూల ఏ వైపు, ప్లాట్ నంబర్లు ఎలా పడ్డాయి, జాబితాలోని జాతుల పేర్లు, ఏ నెలలో లెక్క తీశాం, ఎవరిని అనుమతి అడగాలి. ఒక పేజీ, తెలుగులో. మీరూ రాసి, దాని ప్రింటు ఒకటి ఊళ్ళో మీతో పనిచేసే వాచర్ చేతికి ఇవ్వండి.